కౌన్సిలరమ్మ ఇంటాయన

అబద్ధం బావా, శుద్ధ అబద్ధం! నన్ను మెడబట్టి ఎవరూ గెంటలా. రెక్క పట్టుకోని గ్యాలరీ బయటికి తెచ్చి వదిలినారు, అంతే. రెంటికీ తేడా లేదా? ఈ మాట గూడూరు దాకా మోసినోడి నోట్లో మన్నుబడ!

కూర్చో. కొట్టు దాటి లోపలికి తర్వాత పోదువు. నీ చెల్లెలు యాడికీ పోదులే, ఫోను చెవికి పెట్టుకోనుండాది. ఈడ, ఈ తిన్నె మీదనే కూర్చో. చూడు, ఎంత చల్లంగా ఉండాదో. కడప రాయి. రేపు ఈ వేళకి ఉండదు, అందుకే కూర్చోమంటా ఉండా.

చెయ్యా? చేతికేం లేదు. తాళ్ళ కట్ట పడింది. కట్టు చూసి కంగారుపడబాక. కొట్టన్నాక తాళ్ళ కట్టలు పడవా?

ఊళ్ళో ఏమనుకుంటాండారో నాకు తెలుసు. పెండ్లాం కౌన్సిల్లో మాట్లాడతా ఉంటే కోదండరాం ఓర్చుకోలేక పైనుంచి అరిసినాడు, కావలోళ్ళు లాగి అవతల పారేసినారు. ఇదేగా నువ్వు విన్నది? అనుకోనీ. నాకేం పోయింది?

కానీ నువ్వు పెద్దోడివి, మంచీ చెడ్డా చెప్పడానికి బస్సెక్కి వచ్చినావు. రెండో పక్క గూడా వినాలా, వద్దా?

మీసాలు సరిగ్గా రాకముందు నుంచి పార్టీ పని చేసినోణ్ణి నేను. ఈ వ్యాసర్పాడి పేటలో నేను పోస్టరు అంటించని గోడ లేదు. మీటింగులకి కుర్చీలు వేసినా. వాన వస్తే ఆ కుర్చీలే నెత్తిన పెట్టుకోని నిలబడినా. తలైవర్, అదే మా పార్టీ పెద్ద, కారు దిగితే మాల పట్టుకోని ముందుండేది నేనే. ఫోటో తీసే వేళకి మాత్రం ఎవుడో మోచేత్తో నన్ను వెనక్కి నెట్టేవాడు. సరి, పోనీ, మనకీ ఒక రోజు వస్తాదిలే అనుకున్నా. వచ్చింది బావా! కౌన్సిలరు సీటుకి నా పేరే అనుకున్నారు. కొత్త పంచ గూడా కొని పెట్టుకున్నా. ఆ వారమే ఆర్డరు వచ్చింది, ఈసారి ఈ వార్డు ఆడవాళ్ళకి అని.

నేనేం చేసేది? చీర కట్టుకోని పోయేదా?

అందుకే నీ చెల్లెలు తాయారుని నిలబెట్టినా. నిలబెట్టినా అనే మాట గుర్తు పెట్టుకో బావా. పొయ్యి మీద పులుసు మరగతా ఉంటే, ఆ మనిషిని చెయ్యి పట్టుకోని తీసకపోయి నామినేషను వేయించింది నేను. 'నాకెందుకండీ, నలుగురిలో నాకు నోరు పెగలదు' అని కండ్లనీళ్ళు పెట్టుకునింది. నోరు నేనుండా గదా, నువ్వు సంతకం పెట్టు చాలు అన్నా. గెలిచింది. గెలిపించినా!

మొదట్లో ఎంత బాగుండె! పొద్దున్నే నేను ఈ తిన్నె మీద కూర్చుంటే జనం అర్జీలు పట్టుకోని వరసగా నిలబడేవాళ్ళు. వీధిదీపం వెలగలా, కొళాయిలో నీళ్ళు రాలా, చెత్తబండి రాలా. అందరూ నన్నే 'కౌన్సిలర్ సార్' అనేవాళ్ళు. ఎదురుగా టీకొట్టు ఆంటో ఉండాడు చూడు, నేను ఆవులించే లోపల టీ పంపేవాడు. నువ్వు హెడ్మాస్టరువి, పుట్టినప్పటి నుంచి సార్ అనిపించుకున్నోడివి. తాళ్ళూ పొరకలూ అమ్ముకునేవాడికి ఆ మాట చెవిన పడితే ఎట్టా ఉంటాదో నీకు తెలీదు.

జనం నిలబడలేకపోతాండారని ఈ తిన్నెని వీధిలోకి ముందుకి పెంచింది గూడా అప్పుడే. రాయి నేనే పోయి ఏరుకోనొచ్చినా.

ఇంక కౌన్సిలు. అది ఎట్టా నడుస్తాదనుకుంటాండావు? రిప్పన్ బిల్డింగులో, అదే కార్పొరేషను ఆఫీసులో, పెద్ద హాలు. మేయరు ఎత్తులో, ఆఫీసర్లు పక్కన, కౌన్సిలర్లు బల్లల ముందర. తీర్మానాలు కట్టలు కట్టలు. గొడవుండే వాటికి గొడవుంటాది, లేనివాటికి నెంబరు చదవతారు, మనోళ్ళు బల్లలు చరుస్తారు, పాసు. మళ్ళా నెంబరు, మళ్ళా చప్పుడు. ఆడ బల్ల చరిస్తే సరే అన్నట్టు. ఎవరన్నా బాగా మాట్లాడినా అంతే, బల్లలు మోగతాయి. చప్పట్లు కొట్టరు.

నేను పాసు తీసుకోని పైన గ్యాలరీలో కూర్చునేవాణ్ణి. ఆడ నోరెత్తకూడదు, సైగలు చేయకూడదు. అందుకే ఇంట్లో అన్నం బల్ల దగ్గర నీ చెల్లెలికి ట్రైనింగు ఇచ్చినా. నా తుండుగుడ్డ కుడి భుజం మీద ఉంటే నువ్వు బల్ల చరచు. ఎడమ భుజం మీదికి మారితే గమ్మునుండు. ఇంతకంటే సుళువుగా ఎవరు నేర్పిస్తారు చెప్పు? ఆమె కండ్లు ఎప్పుడూ నా భుజాల మీదనే. మీటింగు పొడుగునా నా పెండ్లాం నన్నే చూస్తా ఉండేది బావా. పెండ్లిలో గూడా అట్టా చూళ్ళా.

ఆ తర్వాత ఆ పాడు రోజు వచ్చింది.

ఎండాకాలం. గ్యాలరీలో నా నెత్తిమీది ఫ్యాను ఎప్పుడూ తిరగదు. చెమట. తుండుగుడ్డ తీసి మొహం తుడుచుకున్నా, మళ్ళా వేసుకున్నా. కుడి భుజం మీద పడింది, నేను చూసుకోలా. ఆ వేళకి కింద చదవతా ఉండింది ఏంది? పాత కౌన్సిలరు ఒకాయన పోయినాడని సంతాప తీర్మానం! హాలంతా తల వంచుకోని లేస్తా ఉంటే నీ చెల్లెలు దబదబా బల్ల చరిచింది. ఒక్కతే.

నవ్వబాక బావా. ఆ పొద్దు ఎవరికీ నవ్వు రాలా. చెయ్యి బల్ల మీద నుంచి తీయకుండా నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ ఈడ గుచ్చుకోనుండాది. ఇంటికొచ్చి ఏడుస్తాదనుకున్నా, తిడతాదనుకున్నా. మొహం కడుక్కోని ఒకే మాట అనింది. 'ఇకమీదట నేను చదువుకోనే చరుస్తానండీ.'

అంతే! మళ్ళా నా వైపు చూస్తే ఒట్టు. నేను ఆ గుడ్డని ఈ భుజానికీ ఆ భుజానికీ మారుస్తానే ఉండా. పక్కనోడు 'ఏం సార్, దురదా?' అనేదాకా మార్చినా. తల ఎత్తలా!

ఇప్పుడు తీర్మానాలన్నీ వంటింట్లోనే. కుక్కరు కూసేలోపల ఒక పేజీ, దోసె కాలేలోపల ఇంకో పేజీ. ఆ ఆఫీసు తమిళం నాకే కొరుకుడుపడదు, ఈడనే పుట్టినోణ్ణి! ఆమెకి అర్థం కానిది శక్తివేల్‌ని అడగతాది. శక్తివేల్ అంటే మా వార్డు ఇంజనీరు, కుర్రోడు. వానకాలవల గురించే ఇద్దరికీ ఫోను మీద ఫోను. మధ్యలో నవ్వతాది గూడా! కాలవలో నవ్వేందుకు ఏముండాది? తప్పుగా అనడంలా, వాడు మా పిల్లల ఈడోడు. కానీ పెండ్లయినప్పటి నుంచి నాతో ఎప్పుడన్నా అంతసేపు మాట్లాడిందా? కడుపు మండదా బావా? మండతాది. రాయితో చేసినారా నన్ను?

మొన్న టి. నగర్‌లో చీరల కొట్టుకి పోయినాం. మేనేజరు పరిగెత్తుకోని వచ్చినాడు, 'వాంగ మేడమ్, రండి రండి, మిమ్మల్ని టీవీలో చూసినా మేడమ్' అంటా. కుర్చీ వేసినాడు. ఒక్క కుర్చీ! సంచి నా చేతిలో పెట్టి, 'అన్నా, బండి వెనక సందులో పెట్టుకో' అన్నాడు. డ్రైవరనుకున్నాడు నన్ను! నీ చెల్లెలు చెప్పాలా వద్దా, ఈయన మా ఆయన అని?

చెప్పింది. చెప్పిందిలే. చెప్పినాక వాడు, 'ఓ, కౌన్సిలరమ్మ ఇంటాయనా!' అన్నాడు. దానికంటే డ్రైవరే నయం.

ఈడ గూడా అదే కథ. ఈ తిన్నె మీద నేను బొమ్మలాగా కూర్చోనుంటానా, వచ్చినోళ్ళు 'అమ్మ ఉండారా?' అంటారు. నేనుండా గదయ్యా, చెప్పండి అంటా. 'పర్లేదు సార్, అమ్మ ఉన్నప్పుడు వస్తాం.' ఆంటోగాడు టీ ముందు లోపలికి పంపతాడు. నాకు తర్వాత. వేడి పోయినాక.

అయినా తిన్నె ఉండాది గదా! ఎవరన్నా రాకపోతారా అని పొద్దున్నే తుడుచుకోని కూర్చుంటా ఉండా. దానికి గూడా నిన్న ఎసరు పెట్టింది.

ఈ వీధి వెనక పల్లం ఉండాది. రైల్వే యార్డులో కూలికి పోయేవాళ్ళ ఇండ్లు. వాన వస్తే మోకాటిలోతు నీళ్ళు. ఎందుకంటావా? వీధి పొడుగునా వానకాలవ మీద మా కొట్లోళ్ళం మెట్లూ తిన్నెలూ కట్టుకోనుండాం. బురద తీద్దామన్నా గడ్డపార దూరదు. నువ్వు కూర్చున్న రాయి కిందా కాలవే. నాకు తెలీదా? తెలుసు. తెలిస్తే?

మొన్న అన్నం వడ్డిస్తా చెప్పింది, 'రేపు కాలవ సంగతి అడగతానండీ' అని. అడుగు, భేషుగ్గా అడుగు అన్నా. అందరి మెట్ల గురించీ అడగతాదిలే, మనది వదిలేసి అనుకున్నా. మొగుడైనవాడు ఎవడైనా అట్టనే గదా అనుకుంటాడు?

లేచింది. చేతిలో కాగితం లేదు. నేను రాసిచ్చిన ఉపన్యాసాలన్నీ బీరువాలో మగ్గతా ఉండాయి, ఒక్కటీ ముట్టుకోలా. తమిళంలోనే మాట్లాడింది, మధ్యమధ్య మన తెలుగు యాస తొంగిచూసే తమిళం. నేనైతే సిగ్గుపడి దాచేవాణ్ణి, ఆమె దాచలా. పల్లంలో వల్లి అని ఒక బాలింత. పోయిన వానలకి బిడ్డకి దూలానికి ఉయ్యాల కట్టి, తను నీళ్ళల్లో నిలబడి ఊపింది. ఆ ముక్క చెప్పింది, అంతే. గొంతు పెంచలా. కాగితాలు తిప్పేవాళ్ళు తిప్పడం ఆపేసినారు. ఎంతోమంది అరవంగా విన్నా బావా ఆడ. అంత మెల్లంగా మాట్లాడి అంతమందిని ఆపినోళ్ళని నేను చూళ్ళా.

అప్పుడు అనింది. 'కాలవ మీద కట్టినవన్నీ తీసేయాలంటాం. ఎవరిది ముందు తీయాలంటే అందరం గమ్మునుంటాం. నేను చెప్తా. మా వీధిలో మొదటిది మా ఇంటాయన కొట్టు ముందర తిన్నె. దాంతో మొదలుపెట్టండి.'

ఆ! నాకూ అట్టనే నోరు తెరుచుకునింది.

రేపు పొద్దున శక్తివేల్ మిషను తోలుకోని వస్తాడు. ఇది పోతే నేను యాడ కూర్చోవాలా? లోపల చీకట్లో తాళ్ళ మధ్యనా? నీ మాటంటే గురి ఆమెకి. నువ్వు చెప్తే...

ఏందీ? నేనేమని అరిసినాననా?

అదే అడగతాండావా ఇంకా?

ఇంకొంచెం దగ్గరికి జరుగు. ఆ ఆంటోగాడి చెవులు మంచివి కావు.

అరవలా బావా. నా బిడ్డల సాక్షి, నోరే మెదపలా.

ఆమె ఆ మాట అన్నాక హాల్లో ఒక్క బల్లా మోగలా. ఒక్క చెయ్యి లేవలా. సొంత మొగుడి తిన్నె కొట్టేయమంటే ఏమనాలో ఎవరికి తెలుసు? ఆమె అట్టనే నిలబడుండాది. చీర చెంగు వేలికి చుట్టుకుంటా ఉండాది. భయమేస్తే అట్టా చేస్తాది, చిన్నప్పటి నుంచీ అంట గదా, నీకూ తెలుసు. ఆ చెంగు పైనున్న నాకు మాత్రమే కనిపించింది.

ఆ బల్లల చప్పుడు కోసం నేను జీవితమంతా కాచుకోనుండా బావా. నేను లేవాల, నేను మాట్లాడాల, నాకోసం అవి మోగాల. నాది గదా అది! నా కుర్చీ ముందర నిలబడి, నాకు రావాల్సింది ఈమె కొట్టేస్తాండాదే అని ఒళ్ళు మండిపోతా ఉండాది. మండతా ఉంటే, మరి ఈ చెయ్యి ఎట్టా లేచిందో నాకు తెలీదు. గ్యాలరీ ముందర ఇనప కమ్మీ ఉండాది. దాని మీద దబీమని చరిచినా. మళ్ళా చరిచినా. ఆపుకోలేకపోయినా.

దాని తర్వాతనే కింద బల్లలు మోగింది. ముందు ఒకటి, ఆమీద అన్నీ. మా పార్టీ, ఎదుటి పార్టీ, అన్నీ! మొదటి దెబ్బ నాది బావా.

గ్యాలరీలో చప్పుడు చేయకూడదు గదా, కావలోళ్ళు వచ్చి పట్టుకున్నారు. అప్పుడు తల ఎత్తింది. ఇన్నాళ్ళకి నా వైపు చూసింది. చూస్తే ఏం కనిపిస్తాది? నన్ను చెరో రెక్కా పట్టుకోని లాగతా ఉండారు. అరిసినాననుకునింది. ఇంటికొచ్చి ఒక్క మాట అడగలా. వాపు చూసి పసుపు ఉడకబెట్టి ఈ గుడ్డ కట్టింది. కోపంలే, గట్టిగా బిగించింది.

నిజం చెప్పేయమంటావా? నీకేం, చెప్తావు. చెప్తే నవ్వతాది. ఫోనులో కాలవల గురించి నవ్వినట్టు, నన్ను చూసి నవ్వతాది. ఆ తర్వాత నేను మొహం యాడ పెట్టుకోవాలా? కుర్చీ ఇచ్చినా. సార్ అనే మాట ఇచ్చినా. రేపు ఈ రాయి గూడా ఇస్తా ఉండా. ఇది మాత్రం ఇయ్యను.

లే, లోపలికి పో. కాఫీ కలిపి ఉంటాది. తిన్నె గురించి అడగతావో మానతావో నీ ఇష్టం. పోతే పోనీ, రాయే గదా! ఆ దెబ్బ సంగతి మాత్రం చెప్పబాక. అడిగిందనుకో, 'ఓర్చుకోలేకపోయినాడంటమ్మా' అను.

అదీ అబద్ధం కాదు గదా.