మీ తమ్ముడి పెట్టె

కాదు వదినా, మీరే చెప్పండి, ఒక దేశానికి ఒక వాతావరణం చాలదా? దిగిన చోట మాడిపోయే ఎండలట. కొండల మీదికెళ్తే మంచట. అక్కణ్ణుంచి సముద్రం ఒడ్డుకి దిగితే పొద్దస్తమానం వానట. పూటకో వేషం వేసే దేశానికి ఏ బట్టలని సర్దాలి?

నవ్వకండి. ముందు ఆ నూలు బట్టల మీంచి లేచి ఇటు కూర్చోండి. ఇస్త్రీ అంతా నలిగిపోతోంది.

ఇద్దరికీ తలలు నెరిశాక చేసుకున్న పెళ్లి. ఇద్దరికీ ఇదే మొదటి విమానం. మనిషికో పెట్టె చాలన్నారు మీ తమ్ముడు. ఇన్నేళ్లూ మిషన్ తొక్కి ఎందరెందరికో కోట్లు కుట్టాను కదా, ఈసారి నాకూ ఒకటి కుట్టుకున్నాను. అది పెట్టేసరికి నా పెట్టెలో ఇక రుమాలుకి కూడా చోటు లేదు. ఎక్కి కూర్చున్నా మూత పడలేదు.

ఆయన పెట్టెలో కాస్త చోటిమ్మని అడిగాను. ఆ, మర్యాదగానే అడిగాను. అదీ నిండిపోయిందన్నారు. రెండు చొక్కాల మనిషికి పెట్టె ఎలా నిండుతుంది? అదే అన్నాను. సరే, కాస్త గట్టిగానే అన్నాను. మీ ఇంటి పోలికే కదా, చెప్పులేసుకుని తన కళ్లజోళ్ల షాపుకెళ్లిపోయారు. ఆదివారం పూట కళ్లజోడు ఎవరికి కావాలో మరి.

ఆయన గుమ్మం దాటగానే పెట్టె తెరిచాను. మీరైతే తెరవరా? సర్లెండి, తెరవరు.

పైన రెండు చొక్కాలు. కిందంతా నా సామానే. నా మోకాలి పట్టీ. బరువని నేను పక్కన పడేసిన వేడినీళ్ల బ్యాగు. ఉన్ని సాక్సులు కూడా, నా పాదాలు చిన్నవని పిల్లల సైజులో వెతికి మరీ కొన్నారు. నా పల్చటి దిండు లేకపోతే నాకు నిద్ర పట్టదని దాన్నీ చుట్టచుట్టి తాడు కట్టారు.

ఆయన కోటు మాత్రం లేదు. బీరువాలో వేలాడుతోంది. అడిగితే తనకి చలెయ్యదంటారు. ఫ్యాను తిరిగితే తుమ్మే మనిషి!

దిండు తీసేసి కోటు పెట్టాను. రాగానే ఆయన మళ్లీ మారుస్తారు, తెలుసు. పెద్దవారు మీరైనా కోటు తియ్యొద్దని ఒక మాట చెప్పండి.

కోపమా? ఏమో వదినా. బతుకంతా నా మూట నేనే కట్టుకున్నాను. నా పాదాలకి చలేస్తుందని నాకన్నా ముందు ఇంకొకరికి తోచడం నాకు అలవాటు లేదు.

నిజం చెప్పనా? మిమ్మల్ని పిలిచింది సర్దడానికి కాదు. ఈ మాట ఎవరికైనా చెప్పుకోకపోతే ఉండలేననిపించింది. ఊరికే చెప్పాలంటే సిగ్గు. ఫిర్యాదులా అయితే నోరొస్తుంది.

ఈ మాట ఆయనతో మాత్రం అనకండి. మా పోట్లాట ఇంకా పూర్తవలేదు.