తాడు పట్టినోడి వాటా

కూకోమని మర్యాదలొద్దు బావా. నాను కూకోడానికి రానేదు. ఆ మూటేటని సూత్తన్నావా? నీదే, నువ్వు పంపిందే. సముద్రం పక్క బళ్ళన్నిటికీ పంచమని నాకు అప్పజెప్పినావు కదా, ఆ ఆట అట్టలు. ఒక్కటి నా సేతిలో ఉన్నాది. మిగతావన్నీ ఆ మూటలోనే ఉన్నాయి. పంచనేదు. పంచను.

టీ వద్దు సెల్లెమ్మా. నీమీద కోపం కాదు తల్లీ. మీ ఆయనతో నాలుగు మాటలున్నాయి, అవి అయిపోతే నా దారిన నాను పోతాను.

ఆదివారం పొద్దున్నే ఇదేటి గోల అనుకుంటన్నావు. మరెప్పుడు రావాల? ఆఫీసుకొస్తే నువ్వు మండల రిసోర్స్ పర్సనువి, నాను సేపలోళ్ళ వాడలో ఒంటి మాస్టర్ని. ‘ఏమయ్యా ఈశ్వరరావూ’ అని నువ్వంటే, ‘లోకనాథ్ గారూ’ అని నాను సేతులు కట్టుకోవాల. సేతులు కట్టుకుంటే నాకు తిట్టడం రాదు. అందుకే టెక్కల్లో నీ ఇంటికే వచ్చీసినాను.

ఏటి? సిన్న సవరణా?

ఓరి నీ సవరణ తగలెయ్య. ఇదిగో, నాలుగో నియమం సదువు. పైకి సదువు, సెల్లెమ్మ కూడా వింటాది. సదవవా? సరే, నానే సదువుతాను. ‘పడవ మునిగిన ఆటగాడు ఆట నుండి ఔట్. చివరి వరకు మిగిలిన పడవకే చేపలన్నీ.’ దాని కింద ఏటున్నాది? ‘రూపకల్పన: కుమారి రత్నాలు, ఐదవ తరగతి.’ ఆ పిల్ల ఇలా రాసిందా బావా? నీ సేతికి నానిచ్చిన కాయితంలో ఇలాగున్నాదా?

ఆ పిల్ల బడి మానీసింది. నీ సిన్న సవరణకి. అది సెప్పడానికే వచ్చినాను.

అసలిదంతా మొదలెట్టింది ఎవరు? నువ్వే. మొన్న వేసవిలో ఇదే టెక్కల్లో మాకు ఆటల తయారీ తరగతి పెట్టినావు. మండలంలో మాస్టర్లందరం సేరినాం. కత్తెర్లు, జిగురు, థర్మకోల్ ముక్కలు, రంగు కాయితాలు. సగం మంది వైకుంఠపాళి గళ్ళలో ఎక్కాలు అతికించీసి ‘అయిపోనాది సార్’ అని సుట్టలు కాల్సుకోడానికి బయటికెల్లిపోనారు. నువ్వేటన్నావు? ‘పిల్లలకి ఆట ఇవ్వకండి, పిల్లల సేతే ఆట కట్టించండి. నియమం తప్పైతే ఆడినప్పుడు వాళ్ళకే తెలుస్తుంది, మీరు నోరు మూసుకుని కూకోండి’ అన్నావు. నాను ఎనకబల్ల మీద కూకుని, మా బావ ఎంత బాగా సెప్తన్నాడో అని మురిసిపోనాను. ఆ మాట నమ్మినోణ్ణి అందరిలోకీ నానొక్కణ్ణే అనుకుంటాను. సెప్పినోడే నమ్మనేదని ఇప్పుడు తెలిసింది.

ఎల్లి మా గుంటల్ని ఆటలు కట్టమన్నాను. మొదట ఎలాంటి ఆటలు కట్టినారనుకున్నావు? ఎవడి ఆటలో ఆడే గెలుత్తాడు. ఒకడి ఆటలో ఆడు తప్ప ఇంకెవడూ గవ్వలెయ్యకూడదు. ఇంకొకడి ఆట మొదటి పందేనికే అయిపోద్ది. కొట్టుకున్నారు, అట్టలు సింపుకున్నారు, ఒకర్నొకరు రక్కుకున్నారు. నాను నోరు మూసుకుని కూకున్నాను. మాస్టరుకి నోరు మూసుకోవడం ఎంత కష్టమో నీకేటి తెలుసు, నీ పనే మాటాడడం కదా. వారం తిరిగీసరికి ఆలకే తెలిసొచ్చింది, పక్కోడికి ఆడాలనిపించకపోతే అది ఆట కాదని. నానొక్క ముక్క సెప్పనేదు.

అప్పుడు కట్టింది రత్నాలు ఈ ఆట. సన్యాసి కూతురు. సన్యాసి ఎవడో నీకు సెప్పక్కర్నేదు కదా? తొంభైతొమ్మిది తుపానులో ఏటకెల్లి తిరిగిరానోడు.

సెల్లెమ్మా, నీకు తెల్దు కాబట్టి సెప్తన్నాను ఇను. అట్టమీద సముద్రం గీసింది. గవ్వలేసి పడవలు నడపాల. జీడిపిక్కలే సేపలు. అట్టకి కింద ఒడ్డు, ఒడ్డున నిజంగానే ఒక జనపతాడు కట్టింది, దాని సివర పెద్దవల. మొదట ఇద్దరు తాడు దగ్గరుంతారు, మిగతావోళ్ళు పడవల్లో ఉంతారు. పెద్ద అల గడిలో పడితే పడవ మునిగిపోద్ది. మునిగినోడు ఏటి సెయ్యాల అనడిగితే, ‘ఒడ్డుకొచ్చి తాడు పట్టాల మాస్టారూ’ అన్నాది. వల ఒడ్డుకొచ్చిన ప్రతిసారీ తాడు పట్టినోళ్ళందరికీ సేపలు సమంగా పంచాల. పంచగా మిగిలినవి ఒడ్డున కూకున్న ముసలవ్వ బుట్టలో ఎయ్యాల. ఎందుకే అంటే, ‘అవ్వకి సత్తువ నేదు, తాడు పట్టలేదు కదా’ అన్నాది.

ఎవరూ నేర్పనేదు ఆ రూలు. మా వాడలో పొద్దు పొడిస్తే జరిగీదే అది. ఒడ్డు నుంచి పెద్దవల లాగినప్పుడు తాడు మీద సెయ్యేసిన ప్రతి మనిషికీ వాటా. ముసలోడైనా వాటాయే, మొగుడు పోయిన ఆడదైనా వాటాయే. పడవ ఉన్నోడా లేనోడా అని ఎవడూ అడగడు.

ఇంక మా గుంటల్ని సూడాల నువ్వు. భాగారం అంటే గోడ దూకి పారిపోయే గుంటలు. మొదటి వలకి తాడు దగ్గర ఇద్దరే, సగం సగం. ఈలోగా ఒకడి పడవ మునుగుద్ది, ముగ్గురవుతారు. మళ్ళీ పంచాల. ఇంకొకడు మునుగుతాడు, నలుగురు. ప్రతిసారీ లెక్క మారిపోద్ది. శేషం అన్న మాట నల్లబల్ల మీద ఎన్నేళ్ళు రాసినా ఆల బుర్రకెక్కనేదు. అవ్వ బుట్ట అనీసరికి ఎక్కీసింది. ఎంతమంది తాడు పడితే అవ్వకి ఎక్కువ మిగుల్తాదో ముందుగానే లెక్కలేసుకునీవోరు. పుస్తకంలో భాగారాలు కూడా అవ్వ బుట్ట ఎట్టుకునే సేసీవోరు.

టెక్కలి మేళాకి అది పట్టుకొచ్చినప్పుడు పలాస మాస్టర్లు తిండి మానేసి ఆడినారు. నువ్వూ ఆడినావు. ‘ఇది నాకు ఒగ్గీ బావా, హైదరాబాదు పోటీకి పంపిస్తాను’ అన్నావు. నానే ఇచ్చినాను. సంతోషంగా ఇచ్చినాను. అక్కడ నీకు శాలువా కప్పినారట కదా. కప్పుకో, నాకేటి ఏడుపు నేదు.

ఇప్పుడు నీ ఆట సూడు. మునిగినోడు ఔట్, తర్వాతోడు ఔట్, ఆ తర్వాతోడూ ఔట్. సివరికి ఒక్కడు మిగుల్తాడు. సేపలన్నీ ఆడివే. ఇంకెక్కడి భాగారం? ఒకటితో భాగించడానికి బడెందుకు బావా, మాస్టరెందుకు? లెక్కలు నేర్పే ఆటలో లెక్కే తీసీసినావు. తాడు తీసీసినావు. అవ్వ బుట్ట కూడా తీసీసినావు. ముసల్దానితో నీకేటి పగ?

ఏటన్నావు? ‘ఇందులో విజేత ఎవరు’ అని హైదరాబాదోళ్ళు అడిగినారా? విజేత లేకపోతే పోటీకి పనికిరాదన్నారా? అంటారు. ఆళ్ళకేటి తెలుసు. నువ్వు సెప్పాల కదా, ‘అయ్యా, మా ఒడ్డున ఇలాగే బతుకుతారు’ అని ఒక్క మాట. అంతేసి ఉపన్యాసాలిచ్చే నోరు, ఆ పూట ఎక్కడికి పోనాది?

సరే, ఇది కూడా ఇను.

అట్టలొచ్చిన రోజు మొదటిది రత్నాలికే ఇచ్చినాను. తన పేరు అచ్చులో సూసుకుంది. నియమాలు సదవనేదు. తనవే కదా, సదవడమెందుకు? గుండెకి అదుముకుని ఇంటికి పట్టుకుపోనాది. సాయంత్రం ఆలింటి ముందు గుంటలంతా కూకుని ఆడినారు. ఒక సిన్నోడు నియమాలు పైకి సదువుతా ఆడిత్తన్నాడు. రత్నాలు పడవ అల గడిలో పడ్డాది. అది తాడు కోసం సెయ్యి సాపింది. తాడు నేదు. ‘ఔటే నువ్వు, లెగు’ అన్నాడు ఆడు. ‘మునిగితే తాడు పట్టాలిరా’ అన్నాది ఇది. ‘నీ పేరే ఉంది కదే, నువ్వే రాసినావు, మునిగినోడు ఔటని. మరి మీ అయ్య కూడా ఔటే’ అనీసినాడు. సిన్నగుంటడు బావా, ఆడి తప్పేటున్నాది. అట్టలో ఉన్నదే సదివినాడు.

ఆలమ్మ నీలమ్మ గుమ్మంలో సేపలు కడుగుతన్నాది. ఆ మాట ఇన్నాది.

మర్నాటి నుంచి రత్నాలు బడికి రాటం నేదు. తల్లితో పాటు సేపలు ఎండబెట్టే కాడికి ఎల్తన్నాది. నాను ఎల్లి బతిమాలినాను. నీలమ్మ నా మొకం కూడా సూడనేదు. ‘దాని పేరెట్టి దాని అయ్యని ఔటన్నారు మాస్టారూ. ఇంకేటి సదువు’ అన్నాది. మా వాడలో ఐదు దాటి ఆరుకెల్లే ఆడపిల్ల ఇదొక్కత్తే అవుతాదని ఆశపడ్డాను. జూన్‌లో నౌపడలో పెద్దబళ్ళో సేర్పిద్దామనుకున్నాను. ఇప్పుడది ఇసకలో ఎండుసేపలు తిరగేత్తన్నాది.

ఎందుకలా గోడకేసి సూత్తావు? ఇటు సూడు. ఎవడో పైనోడు ఆ రూలు కొట్టీసుంటే నాను ఇంత దూరం వచ్చీవోణ్ణి కాదు. ఎద్దు పుండు నొప్పి కాకికేటి తెలుసులే అని ఊరుకుందును. కొట్టీసింది నువ్వు బావా.

సెల్లెమ్మా, మీ ఆయన నీకెప్పుడైనా సెప్పినాడా? ఈయనది మా వాడే. వాళ్ళయ్య పడవ మునిగి పోయినప్పుడు ఈయన మూడో తరగతి. ఇంట్లో గింజ నేదు, మగదిక్కు నేదు. వాళ్ళమ్మ పెద్దవల కాడికి తోలింది. తాడు కాడ నా ముందే నిల్సున్నాడు. ఆ తాడు ఈయన గుప్పిట్లో పట్టనేదు, అంత లావు. అరిసేతులు ఒరుసుకుపోయి ఏడుత్తుంటే మా వల పెద్ద గున్నయ్య తాత ఏటన్నాడు? నువ్వు సెప్పు బావా. గుర్తు నేదా? నాకు గుర్తున్నాది. ‘లాగక్కర్నేదురా గుంటడా, సెయ్యేసి ఉంచు సాలు’ అన్నాడు. సెయ్యేసి ఉంచినావు. అంతే సేసినావు. పెద్దోళ్ళతో సమానంగా వాటా ఎట్టినారు. ఒక్కరోజు కాదు, నీకు మీసాలొచ్చీదాకా ఎట్టినారు.

ఆ సేపలు తినే కదా నువ్వు నౌపడ బడికి నడిసినావు. ఆ సేపలమ్మే కదా మీ అమ్మ నిన్ను టెక్కలి కాలేజీలో సేర్పించింది. ఆ పొద్దు గున్నయ్య తాత ‘మీ అయ్య మునిగిపోనాడు, నువ్వు ఔట్’ అనుంటే ఈ ఇల్లేది, ఆ కుర్సీ ఏది? ఏరు దాటీదాకా ఓడమల్లన్న, దాటీనాక బోడిమల్లన్న. నీలాంటోణ్ణి సూసే అనుంటారు ఆ మాట.

కళ్ళు తుడుసుకుంటే సరిపోదు.

ఇంకొకటున్నాది. సెప్పకూడదనుకున్నాను. నిన్న మళ్ళీ ఎల్లి రత్నాల్ని పక్కకి పిలిసినాను. ‘నా రూలు ఎవరు కొట్టీసినారు మాస్టారూ’ అనడిగింది. పెద్ద సారు అన్నాను. ‘ఆ సారు ఎప్పుడైనా తాడు పట్టినాడా?’ అన్నాది.

మనోడే, మునిగిన పడవోడి కొడుకే, నీలాగే తాడు పట్టి బతికినోడే అని ఆ పిల్లకి ఎలా సెప్పీది? కడుపు సించుకుంటే కాళ్ళ మీద పడతాది. ‘లేదమ్మా, ఆ సారుది పట్నం, ఆయనకి సముద్రం తెల్దు’ అని అబద్ధం ఆడీసినాను. నిన్ను కాయడానికి కాదు. నాకే సిగ్గేసింది.

అది ‘అయ్యో, తెల్దా’ అన్నాది. ‘ఐతే ఒకసారి తీసుకురండి మాస్టారూ. తాడు మీద సెయ్యేయిద్దాం, అప్పుడు తెలుత్తాది’ అన్నాది.

దానికి కోపం నేదు. ఆ పిల్లకి రావాల్సిన కోపం కూడా నాకే వచ్చింది.

లెగు ఇప్పుడు. సొక్కా ఏసుకో. పది గంటల బస్సున్నాది. మెమో ఇత్తావో, సస్పెండ్ సేయిత్తావో, ఆ సంగతి రేపు సూసుకుందాం. ఈ ఒక్క అట్ట మీద నీ సేత్తో ఆ ‘ఔట్’ కొట్టీసి, ‘తాడు పట్టాలి’ అని రాసి, ఆ పిల్ల సేతికియ్యి. నీలమ్మ సూత్తుండగా ఇయ్యి. సారీ కూడా సెప్పక్కర్నేదు. రేపది బడికొత్తాది. నాను ఆ పిల్లని ఎరుగుదును.

ఏటాలోసిత్తావు?

అచ్చయిపోనాయా? పైవోళ్ళు ఒప్పుకున్నాక మారిస్తే అడుగుతారా? వచ్చే ఏడు అచ్చులో సూద్దామా? వచ్చే ఏటికి ఆ పిల్ల ఎక్కడుంతాదో తెల్సా నీకు?

పోనీ, అచ్చు సంగతి ఒగ్గీ. ఉత్తి సేతులతో రా. వచ్చి దాని ముందు నిల్సో.

లెగవా?

సరేలే. సెల్లెమ్మా, ఎల్లొత్తాను. టీ ఇంకోసారి తాగుతాను.

మూట ఇక్కడే ఉంతాది. నీ ఆట నువ్వే పంచుకో. ఈ అట్ట నానే దిద్దుతాను. కానీ నా రాత రత్నాలికి తెలుసు, సూడగానే గుర్తుపడతాది. ‘ఆ సారు రానేదేం మాస్టారూ’ అని అడుగుతాది. నిన్న సెప్పిందే మళ్ళీ సెప్తాను, ఆయనకి సముద్రం తెల్దమ్మా అని.

నిన్న సెప్పినప్పుడది అబద్ధం. ఇప్పుడు కాదు.