బియ్యం బస్తాల దగ్గరి మలుపు

నా పేరు బండారి మృదుల. తండ్రి పేరు రాజమల్లు. వయసు ఇరవై ఆరు. ప్లేనోలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని చేస్తున్నాను. రెండేళ్ళుగా గోపీనాథ్ అంకుల్, జయంతి ఆంటీల ఇంట్లో పై గదిలో అద్దెకు ఉంటున్నాను. ఈ వాంగ్మూలం తెలుగులో రాసి ఇస్తానని నేనే అడిగాను. ఆఫీసులో రోజంతా ఇంగ్లీషే మాట్లాడతాను. కానీ ఇవాళ ఒక్క మాట కూడా అటూ ఇటూ కాకూడదు. అనువాదం చేయించుకుంటామని పోలీస్ ఆఫీసర్ గారు ఒప్పుకున్నారు.

అన్నిటికన్నా ముందు ఒక విషయం చెప్పాలి. నిన్న ఆదివారం వెస్లీ హాల్కమ్ గారిని వృద్ధుల కేర్ హోమ్ నుంచి ఇండియన్ స్టోర్‌కి తీసుకొచ్చింది తానేనని గోపీనాథ్ అంకుల్ మీతో చెప్పారు. అది నిజం కాదు. వెస్లీ గారు బయటికి వెళ్ళిన సమయంలో అంకుల్ మా ఇంటి గరాజ్‌లో నా ఎదురుగా కూర్చుని ఉన్నారు.

అంకుల్ రిటైరైన ఇంజనీరు. పాత స్లాట్ కార్లు సేకరిస్తారు. ఇవి అరచేతిలో పట్టేంత కరెంటు కార్లు. ట్రాక్ మీద సన్నటి గాడి ఉంటుంది. కారు అడుగున ఉన్న పిన్ను ఆ గాడిలో దిగుతుంది. గాడి పక్కనున్న రాగి పట్టీల నుంచి కారుకు కరెంటు అందుతుంది. చేతిలోని ట్రిగ్గర్ ఎంత నొక్కితే అంత వేగంగా పోతుంది. ఒకప్పుడు అమెరికాలో చాలా ఊళ్ళలో వీటికి రేసింగ్ క్లబ్బులు ఉండేవట. మూతపడిన క్లబ్బుల కార్లను అంకుల్ వెతికి కొని బాగుచేస్తారు.

మోటార్ల పని నాది. మా నాన్న జమ్మికుంట దగ్గర బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. ఆయన బడికి పోలేదు. మా ఇంట్లో కాలేజీ చూసింది నేనొక్కదాన్నే. సెలవుల్లో నాన్న పక్కన కూర్చుని తీగ చుట్టడం నేర్చుకున్నాను. ఈ కార్లలో మోటారు బొటనవేలంత ఉంటుంది. తీగ తెగితే మళ్ళీ మొదటి నుంచి చుట్టాలి. ఆఫీసు నుంచి వచ్చాక ఆ పని చేస్తుంటే నాకు ఇంట్లో ఉన్నట్టు ఉంటుంది. ఇది కేసుకు సంబంధం లేని మాట అయితే కొట్టేయండి.

అంకుల్‌కి ఒక పద్ధతి ఉంది. బాగుచేసిన కారును అద్దాల బీరువాలో పెట్టేముందు దాని పాత సొంతదారు ఎవరో కనుక్కుంటారు. వాళ్ళ చేత గానీ, వాళ్ళు లేకపోతే వాళ్ళ పిల్లల చేత గానీ ఒకసారి నడిపిస్తారు. "ఓనర్ చెయ్యి పడకుండా లోపల పెట్టేస్తే అది దాచుకున్నట్టు కాదమ్మా, దొంగిలించినట్టు" అంటారు.

వెస్లీ గారి కారు ఆకుపచ్చది, తొమ్మిదో నంబరు. లోపలివైపు ఆయన పేరు సూదితో గీకి ఉంది. ఆయనకు ఎనభై నాలుగేళ్ళు, మతిమరుపు జబ్బు ఉంది, కేర్ హోమ్‌లో ఉంటున్నారు. అంకుల్ ముందుగా ఆయన కూతురు డయాన్ గారికి ఫోన్ చేసి అనుమతి తీసుకున్నారు. శనివారం మధ్యాహ్నం మడత ట్రాక్ తీసుకుని మేమిద్దరం వెళ్ళాం. అక్కడి భోజనాల బల్ల మీద పరిచాం.

వెస్లీ గారు మొదట మా వైపు చూడలేదు. ట్రిగ్గర్ చేతిలో పెట్టాక నొక్కారు. మొదటి మలుపులోనే కారు ఎగిరి అవతల పడింది. ఆయన అంకుల్ వైపు తిరిగి, "దీనికి ఇంత ఊపు ఉండేది కాదే. మోటారు ఎవరు చుట్టారు?" అన్నారు. అంకుల్ నన్ను చూపించారు. ఆయన లేచి నిలబడి నాతో చేతులు కలిపారు. "నా కారును పాడుచేశావు. ఇప్పుడు నేను గెలుస్తాను" అన్నారు. అక్కడున్న నర్సు కూడా నవ్వింది.

మాటల్లో అంకుల్ ఆయనకు ఒక సంగతి చెప్పారు. వాళ్ళ క్లబ్బు నడిచిన హాలు ఈ వీధి చివరే ఉంది, ఇప్పుడు అది ఇండియన్ స్టోర్, మేం కూరగాయలు అక్కడే కొంటాం అని.

"ట్రాక్ ఉందా?" అని అడిగారు వెస్లీ గారు.

"లేదండీ."

"మరి మీరంతా అక్కడికి వెళ్ళి ఏం చేస్తారు?"

మేం బయల్దేరేటప్పుడు వెస్లీ గారు కారును చొక్కా జేబులో పెట్టుకున్నారు. నేను, "అంకుల్, కారు..." అన్నాను. "ఉండనీయమ్మా. ఆయనదేగా" అన్నారు అంకుల్. మిమ్మల్ని క్లబ్బుకు తీసుకెళ్తానని అంకుల్ ఆయనతో అన్నారా అని మీరు నన్ను అడిగారు. అనలేదు. మళ్ళీ వస్తానన్నారు, అంతే. నేను పక్కనే ఉన్నాను.

ఆదివారం భోజనమైనప్పటి నుంచి అంకుల్, నేను గరాజ్‌లో ఇంకో కారుకు సోల్డరింగ్ చేస్తున్నాం. అంకుల్ ఫోన్ వంటింట్లో చార్జింగ్‌లో ఉంది. మూడు గంటలకు కేర్ హోమ్ వాళ్ళు నా ఫోన్‌కి చేశారు. శనివారం వచ్చినవాళ్ళ కాగితంలో నా నంబరు ఉంది. మధ్యాహ్నం నుంచి వెస్లీ గారు కనిపించడం లేదని, ఎవరో చుట్టాలు బయటికి పోతుంటే వాళ్ళ వెనకే వెళ్ళిపోయి ఉంటారని చెప్పారు. అంకుల్ సోల్డరింగ్ ఐరన్ చేతిలో పట్టుకునే లేచారు. నేను ప్లగ్ లాగేశాను. డ్రైవ్ చేసింది నేను. ముందు కేర్ హోమ్‌కి వెళ్ళాం. అక్కడి నుంచి అంకుల్, "స్టోర్‌కి పోనియ్" అన్నారు.

స్టోర్ పద్మిని గారిది. లోపలికి వెళ్ళేసరికి వెస్లీ గారు బిల్లింగ్ కౌంటర్ వెనక కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆ కుర్చీ పద్మిని గారు ఎవరికీ ఇవ్వరు. ఆయన చేతిలో స్టీలు గ్లాసులో కాఫీ, ముందు ప్లేటులో మైసూర్‌పాక్ ఉన్నాయి.

మమ్మల్ని చూడగానే పద్మిని గారు, "ఏమండీ అన్నయ్యగారూ! వియ్యంకుడు గారిని ఇలా ఒక్కరినే వదిలేస్తారా? ఇదేనా మీ మర్యాద?" అన్నారు.

"వియ్యంకుడెవరమ్మా?" అన్నారు అంకుల్.

ఇక్కడ వివరం రాయాలి. అంకుల్ కొడుకు ఆశిష్‌కి పోయిన నెల ఒక అమెరికన్ అమ్మాయితో నిశ్చితార్థం అయింది. వెస్లీ గారు స్టోర్‌లోకి వచ్చి కౌంటర్ దగ్గర "గోపీనాథ్, గోపీనాథ్" అన్నారట. అంకుల్ పేరు ఆయనకు అలా గుర్తుండిపోయింది. పద్మిని గారు ఆయన పెళ్ళికూతురి తండ్రో, తాతో అయి ఉంటారనుకున్నారు. వియ్యాలవారు ఇంటికి వస్తే మా వాళ్ళు నిలబెట్టి మాట్లాడరు. కూర్చోబెట్టి తినడానికి పెడతారు, వద్దన్నా పెడతారు, ఎందుకొచ్చారని మాత్రం అడగరు. అలా అడగడం తప్పు. ఆయన మాట తడబడుతుంటే, మన యాస అర్థం కావడం లేదేమో అనుకున్నారట. అంకుల్ ఫోన్‌కి మెసేజ్ కూడా పెట్టారు: "వియ్యంకుడు గారు కొట్లో ఉన్నారు. కాఫీ ఇచ్చాను. నిదానంగా రండి." ఆ మెసేజ్ ఫోన్‌లో ఉంది, మీరు చూడవచ్చు. ఒక మనిషిని దాచిపెట్టినవాళ్ళు అలాంటి మెసేజ్ పెట్టరు.

వెస్లీ గారు మమ్మల్ని చూసి లేచారు. నేరుగా బియ్యం బస్తాల వరుస దగ్గరికి నడిచారు. అంకుల్ భుజం పట్టుకుని నేల మీద కూర్చున్నారు. జేబులోంచి కారు తీసి నేల మీద వేలితో తోస్తూ, "ఇది పెద్ద మలుపు. ఇక్కడ వేలు వదలాలి. వదలనివాళ్ళందరూ ఆ గోడకు కొట్టుకునేవాళ్ళు" అని చూపించారు. తర్వాత పద్మిని గారి వైపు చూసి, "అమ్మా, మీ బియ్యం మలుపులో ఉంది" అన్నారు.

"అయ్యో, చూసుకోలేదండీ, తీయించేస్తాను" అని పద్మిని గారు నిజంగానే బస్తాలు పక్కకు లాగడం మొదలుపెట్టారు. నేనూ లాగాను. నాలుగు బస్తాలు జరిపాక ఆయన కారు ఆ మలుపు తిరిగింది. అంకుల్ నేల మీద ఆయన పక్కనే కూర్చున్నారు. కూర్చుంటే లేవడం ఆయనకీ కష్టమే.

అప్పుడే వీధంతా వెతుక్కుంటూ డయాన్ గారు, మీ వాళ్ళు వచ్చారు. డయాన్ గారు చొక్కా తిరగేసి తొడుక్కున్నారు, కుట్లు పైకి కనబడుతున్నాయి. ఆమె అరిచినా, అది చూశాక నాకు ఆమె మీద కోపం రాలేదు. ప్లేటు చూసి, "ఆయనకు షుగర్ ఉంది! ఇన్ని గంటలు ఎవరికీ చెప్పకుండా ఉంచుకుని స్వీట్లు పెడతారా? ఎవరు మీరు?" అన్నారు. పద్మిని గారు చేతికి అంటిన బియ్యప్పిండిని చీరకు తుడుచుకుంటూనే ఉన్నారు.

అప్పుడు అంకుల్ అన్నారు: "ఆవిడకేం తెలియదు. తీసుకొచ్చింది నేను. పెట్టమన్నదీ నేనే."

నేను నోరు తెరవబోతే తెలుగులో, "నువ్వు మాట్లాడకు. నీకు వీసా ఉంది, ఆవిడకు కొట్టుంది. నాదేముంది, రిటైరైనవాణ్ణి" అన్నారు. ఆయన అబద్ధం చెప్పడం నేను చూడటం అదే మొదటిసారి. సరిగ్గా చెప్పలేకపోయారు కూడా. ఏ కారులో తెచ్చారని మీ ఆఫీసర్ అడిగితే "ఆకుపచ్చది" అన్నారు. మా ఇంట్లో ఆకుపచ్చ కారు లేదు.

నిన్న ఆసుపత్రికి తీసుకెళ్ళిన వెస్లీ గారి షుగర్ అదుపులోకి వచ్చిందని ఇవాళ పొద్దున ఆసుపత్రి నుంచి చెప్పారు. అది తెలిశాకే నేను ఇక్కడికి వచ్చాను.

ఆయనను ఎవరూ తీసుకురాలేదు. తన క్లబ్బుకు తానే నడిచి వచ్చారు. అంకుల్ చేసిందల్లా ఆయన కారును ఆయనకు ఇవ్వడం. ఆ కారు తీసుకెళ్ళినందుకు అంకుల్‌ని మళ్ళీ కేర్ హోమ్‌కి రానివ్వకపోతే, డయాన్ గారి బాధ నాకు అర్థమవుతుంది. కానీ చేయని పని చేశానని ఆయన పెట్టిన సంతకాన్ని మాత్రం దయచేసి ఉంచకండి.

పద్మిని గారు ఇవాళ స్టోర్ తెరవలేదు. ఇక్కడికే వచ్చి ఈ గది బయట బెంచీ మీద కూర్చున్నారు. నేను వద్దన్నాను. "అన్నయ్యగారు నా కోసం అబద్ధం చెప్తే నేను బెండకాయలు తూచుకుంటూ కూర్చోవాలా? స్వీటు పెట్టిన చెయ్యి నాది. నేనే చెప్తాను. ఆ అమ్మాయి తిడితే పడతాను, తండ్రి కోసం వెతికిన పిల్ల" అన్నారు. పక్క గదిలో ఉన్న అంకుల్‌కి ఈ సంగతి తెలియదు. ఆయన తన మాట మార్చనంటారు. పద్మిని గారు తనంతట తానే వచ్చారని ఆయనకు చెప్పండి. అప్పుడు మారుస్తారు.

ఇంకొక్క మాట. కారును మీరు కవరులో వేసి బల్ల మీద చక్రాల మీద నిలబెట్టారు. టైర్లు మెత్తటి రబ్బరు. బరువు అలాగే ఉంటే ఒక వైపు అణిగిపోతాయి. దయచేసి వెల్లకిలా పెట్టండి. తిరిగి ఇచ్చే రోజు అది ఎవరి చేతికి వెళ్ళినా, మలుపులో కుదుపు ఉంటే వెస్లీ గారికి తెలిసిపోతుంది.

నేను కళ్ళారా చూసిందీ, ఆ మనుషుల నోటే విన్నదీ తప్ప ఇందులో వేరే ఏమీ రాయలేదు. ఎవరూ చెప్పి రాయించలేదు. వద్దన్న మనిషి ఉన్నా రాశాను. రెండుసార్లు చదువుకుని, అంతా నిజమని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

(సంతకం) బండారి మృదుల
ప్లేనో, సోమవారం ఉదయం