పాలలో నిద్ర

మధ్యాహ్నం. రెండు గదుల ఇల్లు. మూడో నెల పాపని భుజాన వేసుకుని అత్త అటూ ఇటూ తిరుగుతోంది. కోడలు దుప్పటి కప్పుకుని గోడవారగా కూర్చుంది.

"ఎండ ఇలా మండిపోతుంటే ఆ దుప్పటేమిటే అమ్మాయ్?"

"చలిగా ఉంది అత్తయ్యా."

"చలా? చెమటలు కారుతున్నాయి నీకు. ఆ ముక్కు తుడుచుకో. పొద్దుట్నుంచీ ఆవలింతలు, చీదడాలు. తల్లికి జలుబు, పిల్లకి జలుబు. ఇదిగో, ఇదీ తుమ్ముతోంది. ఓలోలో... ఏడవకు నా బంగారుకొండా, ఏడవకు..."

"ఇలా ఇవ్వండి, పాలు పడతాను."

"ఇప్పుడేగా పట్టావు. రెండు గుక్కలు తాగి వదిలేసింది. నిన్నటినుంచీ ఇదే వరస. మొన్నటిదాకా ఎలా ఉండేది! ఎదురింటావిడ, మీ ఇంట్లో ఉన్నది పసిపిల్లా, పటమా అనేది. ఆవిడ కళ్ళే పడి ఉంటాయి."

"ఆవిడ కళ్ళు కాదు లెండి."

"మరెవరివి?"

"ఎవరివీ కాదు. కడుపునొప్పేమో."

"కడుపునొప్పయితే కాళ్ళు ముడుచుకుంటారు. నలుగురు పిల్లల్ని పెంచిన ఇల్లు ఇది, నాకు చెప్పకు. ఇది వణుకుతోంది. గడ్డం చూడు, ఎలా అదురుతోందో."

"చూశాను."

"చూశానంటావేమిటే అంత తాపీగా!"

"తాపీగా లేను. నేనూ వణుకుతున్నాను. ఇవిగో చేతులు, చూడండి."

"అయ్యో. జ్వరమా? ఏదీ... ఒళ్ళు కాలడం లేదే. రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఆపరేషన్ కుట్లు మళ్ళీ సలుపుతున్నాయా?"

"ఒళ్ళంతా సలుపుతోంది. తడిబట్ట పిండినట్టు ఎముకలు పిండుతున్నారెవరో."

"అయితే ఆ బిళ్ళ వేసుకో."

"ఏ బిళ్ళ?"

"అదే, కాన్పయ్యాక ఆస్పత్రిలో ఇచ్చిన నొప్పి బిళ్ళలు. పిల్ల గుడ్డలు మడతపెడుతుంటే అడుగున ఒక అట్ట కనపడింది. అక్కడ పెట్టి మర్చిపోయినట్టున్నావు."

"ఎక్కడ పెట్టారు?"

"ఎందుకలా అరుస్తావు?"

"అరవలేదు. ఎక్కడ పెట్టారు అత్తయ్యా?"

"బీరువా మీద. లేవకు, లేవకు, కళ్ళు తిరిగి పడతావు. నేనే తెచ్చిస్తా."

"వద్దు!"

"ఒకసారి ఎక్కడా అంటావు, ఒకసారి వద్దంటావు. ఏదో ఒకటి చెప్పు."

"తేకండి. నేనడిగినా ఇవ్వకండి."

"ఇదెక్కడి గోలే! నొప్పికి బిళ్ళ ఉంది, బిళ్ళకి నీళ్ళున్నాయి, నీళ్ళివ్వడానికి నేనున్నాను. నువ్వు అవి వేసుకున్నన్నాళ్ళూ ఇల్లు ఎంత నిమ్మళంగా ఉండేది! నీ పనులు నువ్వు చేసుకునేదానివి, ఇది నిద్రపోయేది, మావాడు గోడలు అదిరేలా గురకపెట్టేవాడు..."

"అందుకే వద్దు."

"వాడి గురకకా?"

"ఇది నిద్రపోయేది అన్నారు చూడండి. అందుకు."

"నీ మాట నాకేమీ బోధపడటం లేదు."

"కూర్చోండి. నిలబడి వినే మాట కాదు. ఆ బిళ్ళలు ఆస్పత్రిలో వారానికే ఇచ్చారు."

"వారమా? దీనికి మూడో నెల వచ్చింది కదే."

"నేనే కొనుక్కుంటున్నాను. ఒక కొట్లో మొహం గుర్తుపడితే ఇంకో కొట్టు."

"పిల్ల గుడ్డల సబ్బని వెళ్ళేదానివి..."

"సబ్బూ తెచ్చేదాన్ని."

"ఇంటినిండా సబ్బులే. నేనింకా నా కోడలెంత ముందుచూపు గలదీ అనుకున్నా. కుట్లు మానలేదని మాతో చెప్పకూడదూ?"

"కుట్లు ఎప్పుడో మానాయి."

"మరి?"

"ఎలా చెప్పను... వేసుకుంటే నెత్తిమీద గంప ఎవరో దింపినట్టుండేది. దీన్ని చూస్తే భయం వేసేది కాదు. బట్టల ఫ్యాక్టరీలో నా కాజాల మిషన్ మీద ఇంకొకర్ని కూర్చోబెట్టారని తెలిసినా దిగులు వెయ్యలేదు. మొదట ఒకటి చాలేది. తర్వాత రెండైనా చాల్లేదు. తర్వాత గంప దింపడానికి కూడా కాదు, ఊరికే మామూలుగా ఉండటానికి. మానితే, ఇదిగో, ఇలా."

"ఇలా అంటే? ఇది జలుబు కాదా?"

"కాదు."

"మా లాండ్రీలో ఇస్త్రీ చేసేవాడొకడుండేవాడు. పొద్దున్నే చుక్క పడకపోతే చేతులు..."

"అదే. అలాంటిదే."

"ఛ! నువ్వూ వాడూ ఒకటా? దణ్ణం పెట్టుకోందే మంచినీళ్ళు ముట్టవు నువ్వు."

"దణ్ణం పెట్టుకునే బిళ్ళ వేసుకునేదాన్ని."

"ఇంకేమంటాను? మానేశావుగా. నాలుగు రోజులు ఓర్చుకుంటే పోతుంది. ఇక పిల్ల ఏడుపంటావా..."

"దానిదీ అదే."

"ఏదే?"

"నేను వేసుకుంటే అది నిద్రపోయేది. ఎక్కువ వేసుకున్న రోజు ఎక్కువ. ఇప్పుడు నేను మానేశాను, అది వణుకుతోంది."

"నువ్వు మింగితే దానికెలా..."

"అత్తయ్యా."

"పాలా?"

"పాలే."

"అయ్యో దేవుడా! ఏడవని పిల్లనిచ్చావని రెండుపూటలా నీకు దణ్ణం పెట్టుకున్నానే! దేనికి పెట్టుకున్నాను నేను? దేన్ని చూసి? టీకాల దగ్గర బరువు తూచిన అమ్మాయి, ఇంత తక్కువుందేమిటని పెదవి విరిస్తే, నీ పాడు కళ్ళూ నువ్వూ అని తిట్టుకున్నానే!"

"మొన్న మీరు బజారుకెళ్ళినప్పుడు దీన్ని లేపితే లేవలేదు. అరికాళ్ళ మీద కొట్టాను. మొహాన నీళ్ళు చల్లాను. పెదాలు నీలంగా అయిపోయాయి. చాలాసేపటికి కదిలింది. అప్పుడే మానేశాను. ఇక ముట్టనని ఒట్టేసుకున్నాను."

"మావాడికి చెప్పావా?"

"పైఅంతస్తులో లిఫ్టు బాగుచేస్తున్న మనిషికి ఫోన్ చేసి ఏం చెప్పను? నీ కూతురికి మత్తుమందు పట్టానని చెప్పనా?"

"నోర్ముయ్. కావాలని పట్టావా ఏమిటి?"

"ఆస్పత్రికి చేశాను. కాన్పుల వార్డు నర్సుకి."

"ఏమంది?"

"ఒట్టేసుకుని ఒక్కసారిగా మానకూడదంది. నాకూ మంచిది కాదు, దానికీ మంచిది కాదు. ఇద్దరూ వెంటనే రండి అంది. దీన్ని దగ్గర పెట్టుకుని ఊపిరీ, పాలు తాగడం కనిపెట్టి చూస్తారట. అవసరమైతే వణుక్కి కొలిచి మందు వేస్తారట. నాకు కొంచెం కొంచెంగా తగ్గిస్తారట, లేదంటే వేరే మందు మీద పెట్టి మాన్పిస్తారట. పాలివ్వాలో వద్దో కూడా వాళ్ళే చెప్తారట. ఇది జబ్బు, మేమేం తిట్టం, రామ్మా అంది."

"మరి వెళ్ళవేం?"

"పేరడిగింది. ఫోన్ పెట్టేశాను."

"దేనికే?"

"పిల్లని లాక్కుంటారని."

"ఎవరు?"

"వాళ్ళు. ఆయన. మీరు."

"నేనా!"

"మీరే అంటారుగా, తల్లయ్యాక ఓర్పుండాలని. నేను దేనికి ఓర్చుకున్నాను?"

"నేను సవాలక్ష అంటాను. ఉప్పెక్కువైందంటాను, తలుపు దభీమని వేశావంటాను. అన్నీ మూటగట్టుకుంటే ఎలాగే?"

"అత్తయ్యా, ఒక్కమాట వినండి. ఆ అట్ట తెండి. ఒక్కటే. ఒక్కటంటే ఒక్కటి. నాకోసం కాదు. దాన్ని చూడండి, ఎలా గుక్కపట్టి ఏడుస్తోందో. నేనొకటి వేసుకుని పాలిస్తే కాసేపట్లో నిద్రపోతుంది."

"నిద్రపోతుంది."

"అవును. హాయిగా."

"లేస్తుందా?"

"తెలీదు."

"అసలేముందే అందులో?"

"కొడీన్ అంటారట. నల్లమందు జాతిదేనంది నర్సు."

"ఏమన్నావు?"

"కొడీన్ అని..."

"అది కాదు. ఆ తర్వాత."

"నల్లమందు. అత్తయ్యా? ఏమైంది? పాపని నాకివ్వండి, పడిపోతారు."

"పడిపోను. లే. చెప్పులు వేసుకో."

"ఆయనకి చెప్పకుండానా?"

"దారిలో నేను చెప్తా. వాడు లిఫ్టు దిగేలోపల మనం ఆస్పత్రి మెట్లెక్కాలి. ఆ అట్ట డాక్టరుకి చూపించాలి. నా దగ్గరుంటుంది, నువ్వు దానివంక చూడకు."

"నేను నడవలేను."

"నన్ను పట్టుకో. బొగ్గుల ఇస్త్రీపెట్టె లాగిన చేతులివి. ఇటు పిల్లా అటు నువ్వూ నాకో లెక్కా?"

"వాళ్ళు పేరడుగుతారు."

"చెప్తాను. నీ పేరూ, నా పేరూ, ఇంటిపేరుతో సహా."

"మీరు నన్ను తిట్టరేం?"

"తిడతా. తీరిగ్గా తిడతా. ముందు తలుపు తియ్యి."

"ఏడుస్తున్నారా?"

"మా అత్త మంచిదే. నేను చీకట్నే బట్టల పనికి పోవాలి, నేనొచ్చేదాకా పిల్ల పడుకోవాలని, ఆవగింజంత నల్లమందు పాలలో రంగరించి నాలిక్కి రాసేది."

"ఎవరికి? ఈయనకా?"

"మీ ఆయన నాకు రెండో కాన్పు తల్లీ. ముందు పుట్టినది... అదీ అసలు ఏడ్చేది కాదు."