పీతలకో వాక్యం, గాడిదకో వాక్యం

సత్తెనపల్లి దగ్గర మిరప కల్లంలో కుంటి గాడిద నిలబడి ఉంది. దాని పలుపును అక్కాతమ్ముళ్లిద్దరూ పట్టుకుని లాగుతున్నారు. రోడ్డు మీద గాడిద మాంసం అమ్మేవాళ్ల ఆటో ఆగి ఉంది.

“వదలక్కా! ఆటోవాళ్లు ఎంతసేపని ఉంటారు?”

“కోతకిస్తానంటే వదలను. పదకొండేళ్లు మన మిరప బస్తాలు మోసిందిరా ఇది.”

“ఇప్పుడు కుంటిదైందిగా. ఊరికే కూర్చోబెట్టి మేపుతావా?”

“మేపుతా. మొన్న ఆదివారం నా పీతల కూర ఏం చేశావు?”

“ఆ సంగతి ఇప్పుడెందుకు?”

“వాడరేవు నుంచి నోరూరి తెచ్చుకున్నా. పొలుసుల్లేనిది హేయమని బైబిల్లో ఉందంటూ గిన్నెతో సహా పెంటలో పారేశావు. మరి అదే వాక్యం ప్రకారం గాడిదా తినకూడనిదేగా? దీనికి డెక్క చీలుందా? నెమరేస్తుందా?”

“మనం తినట్లేదుగా! సంఘపెద్దని, నాకు చెప్తున్నావా వాక్యం? మనం తినకూడనిది అన్యులకు అమ్మొచ్చని ద్వితీయోపదేశకాండంలోనే రాసుంది.”

“ఉంది, పద్నాలుగో అధ్యాయంలో. ఆ వచనం మొదటి మాట చెప్పు.”

“ఏదో ఉందిలే.”

“ఏదో కాదు. ‘చచ్చినదానిని’ అని ఉంది. దానంతటది చచ్చినదాన్ని అమ్ముకోమన్నాడు దేవుడు. బతికున్నదాన్ని చంపించమన్లేదు!”

తమ్ముడు పలుపును ఇంకోసారి గుంజాడు. గాడిద అక్క భుజానికి మూతి రుద్దుకుంది.

“ఇటు రా. దీని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూడు, ఊపిరుందో లేదో. చెయ్యి పెట్టాలంటే ముందు ఆ పలుపు వదులు.”