వెనక్కి చూడని కొవాలిక్

"మీ మామగారితో వేగలేకపోతున్నాను. కొవాలిక్‌ని జట్టులోంచి తీసేయాలన్నానని అలిగి, మ్యాచ్‌కి రాకుండా టీవీ ముందు కూర్చున్నారు!"

ఏప్రిల్ చలిలో, పిట్స్‌బర్గ్ బేస్‌బాల్ మైదానంలో, అత్తగారు వేరుశనక్కాయలు ఒలుస్తూ అల్లుడికి మొరపెట్టుకుంది.

"అంత మాటెందుకన్నారు అత్తయ్యా?"

"సీజన్ మొదలైందో లేదో అట్టడుగున పడ్డాం. ఆ ముసలాడి బ్యాట్‌కి బంతే తగలదు. ఈ వారంలో ఎలాగూ పంపించేస్తారట."

"కుర్రాళ్ళందరికీ ఆయనే పెద్దదిక్కు."

"లాకర్ల గదిలో పెద్దరికం వెలగబెడితే పరుగులొస్తాయా? వాడి మాట ఎవరైనా వినడం నువ్వు చూశావా?"

అంతలో వాన విరుచుకుపడింది. మైదానం తడవకుండా సిబ్బంది పరుస్తున్న పెద్ద బరకం గాలికి ఎగిరి, ఒక పనివాడిని కిందేసుకుంది.

"అయ్యో, ఊపిరాడదు వాడికి!"

"అత్తయ్యా, ఎవరో పరిగెడుతున్నారు!"

"కొవాలిక్! ఆ అరిగిపోయిన మోకాళ్ళతోనా?"

"ఎవరినీ పిలవలేదు. వెనక్కైనా చూడలేదు."

"వెనకాల చూడు నాయనా... జట్టంతా వస్తోంది! ఎవరితోనూ మాట్లాడని, బంతులు విసిరే ఆ కొత్త పిచ్చర్ కూడా!"

"పనివాణ్ణి బయటికి లాగేశారు. నవ్వుతున్నాడు, ఫర్వాలేదు."

ఆమె ఒళ్ళో వేరుశనగ తొక్కలు తడిసిపోతున్నాయి. వాటిని దులిపేసి, అల్లుడి వైపు చెయ్యి చాపింది.

"ఫోనివ్వు."

"మామయ్యకా?"

"ఏమండీ, చూశారా? కొవాలిక్ విషయంలో నాదే తప్పు... ఏమిటీ, వినపడలేదా? వానలో అరిపిస్తారేం! నాదే తప్పండీ!"