గురువారం చెవుల గది: శ్రీమతి నోలీన్ హీనన్ గారి పదవీ విరమణ వేళ

1991 ఫిబ్రవరి 4వ తేదీ సోమవారం ఉదయం శ్రీమతి నోలీన్ హీనన్ గారు మన క్లినిక్‌లో నర్సుగా బాధ్యతలు స్వీకరించారు. అప్పటి వైద్యులు, కీర్తిశేషులు డాక్టర్ కేర్న్స్ గారు ఆమెను సాదరంగా ఆహ్వానించి, క్లినిక్ అంతా తిప్పి చూపించి, చివరకు వెనుక వైపున్న కిటికీ లేని గదికి తీసుకువెళ్లారు. చెవులు శుభ్రం చేసే పని తనకు చేతకాదని, నేర్చుకోవాలనే ఉద్దేశమూ లేదని, ఇకపై ఆ పుణ్యకార్యం ఆమెదేనని సెలవిచ్చారు. టీకాలు, కట్లు, రక్తపోటు పరీక్షలు, పసిపిల్లల బరువులు ఉండనే ఉన్నాయి. వాటన్నిటి మీదా ఇదొకటి వచ్చి పడింది. ఆ విధంగా ప్రతి గురువారమూ ఆ గది చెవుల గది అయింది.

దేశపు దక్షిణ కొసన ఉన్న మన సౌత్‌ల్యాండ్‌లో గొర్రెల మధ్య, ఉన్ని ధూళిలో, ట్రాక్టర్ల రొదలో జీవితం గడిపే మనవారి చెవుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. వారం ముందునుంచి రోజూ ఆలివ్ నూనె చుక్కలు వేసుకుని గులిమి మెత్తబడ్డాక రమ్మని నోలీన్ గారు చెప్పని రోగి లేడు, ఆ మాట విన్న రోగీ లేడు. బయట కారులో కూర్చుని, వంటింట్లోంచి తెచ్చిన సీసాలోంచి చెవి నిండా నూనె ఒంపుకుని, మెడ మీదికి కారుతుండగా లోపలికి వచ్చి, వారంగా వేసుకుంటున్నామని నిబ్బరంగా చెప్పేవారు. ఆమె వారి మెడ తుడిచి, నీటి వేడిని తన మణికట్టు మీద చూసుకుని, చెవి కింద పళ్లెం పట్టి పని మొదలుపెట్టేవారు. చల్లని నీరు పడితే కళ్లు తిరుగుతాయి, ఎక్కువ ఒత్తిడి పెడితే చెవిలోని పొరకే ముప్పు. అందువల్ల ఎంత రద్దీ ఉన్నా ఆమె తొందరపడిన దాఖలా లేదు.

ఇటువంటి వ్యాసాల్లో అలసట ప్రస్తావన మర్యాద కాదంటారు. అయితే ఈ వ్యాసం నోలీన్ గారి గురించి కనుక ఆ మర్యాదను కాస్త పక్కన పెట్టక తప్పదు. ఏళ్ల తరబడి ఒక పక్కకు ఒరిగి పరుల చెవుల్లోకి చూసిన మెడ అది. సాయంత్రానికి ఆమె కుడి భుజం పైకి లేచేది కాదు. కోటు తొడుక్కోవడానికి ఎవరో ఒకరు చెయ్యి వేయాల్సి వచ్చేది. మన క్లినిక్‌కు వచ్చేవారిలో చాలామంది మాత్రలతో, మరో పరీక్షకు చీటీతో ఇంటికి వెళతారు. చెవుల గదిలోకి వెళ్లినవారు మాత్రం వచ్చిన బాధ అక్కడే వదిలేసి వెళ్లేవారు. రేకుల కప్పు మీద పడే వాన చప్పుడు మళ్లీ వినబడుతోందని తలుపు దగ్గరే నిలబడి వినేవారిని మనమంతా చూశాం. ఆమె ఓపికకు ఆధారం అదేనని వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

2017లో నగరంలోని ఆరోగ్య కార్యాలయం రోగుల సంతృప్తిని తెలుసుకోదలచింది. ఒక యువతి ఊళ్లోవారందరికీ ఫోన్ చేసి, చెవుల సేవ ఎలా ఉందని అడిగింది. ఇంట్లో వండిన గొర్రెపిల్ల మాంసం అమృతంలా ఉన్నా ‘పర్వాలేదు’ అని, మళ్లీ వడ్డించమని కంచం ముందుకు జరిపే జనం మనవారు. అంతకంటే ఎక్కువ మెచ్చుకుంటే అవతలివారిని ఇబ్బంది పెట్టినట్టే భావిస్తారు. కనుక ఊరంతా కూడబలుక్కున్నట్టు ‘పర్వాలేదు’ అనే జవాబిచ్చింది. కార్యాలయం వారు దాన్ని ఉన్నదున్నట్టు తీసుకుని, ఈ సేవ పట్ల ప్రజలకు అంతంతమాత్రం ఆసక్తే ఉన్నదని తేల్చి, గది మూసివేయాలని నిర్ణయించారు. ఇకమీదట ఎవరి చెవులు వారు నగరానికి మోసుకుపోయి, ప్రైవేటుగా డబ్బు పోసి చేయించుకోవాలి. కారు నడపలేని వృద్ధులు చెవుడుతో ఇంటి మూల కూర్చోవాలి. నోలీన్ గారి భయం అదే.

తన గురించి నాలుగు మంచి మాటలు చెప్పమని జనాన్ని అడగండని ఇప్పటి డాక్టరు గారు సలహా ఇస్తే ఆమె ససేమిరా అన్నారు. ఆమె కూడా ఈ ఊరి మనిషే కదా. చివరకు ఊరి హాలులో సమావేశం ఏర్పాటైంది. చీజ్ రోల్స్, టీ సిద్ధమయ్యాయి. నగరం నుంచి వచ్చిన స్టూవర్ట్ అనే అధికారి ఎవరైనా మాట్లాడతారా అని అడిగితే, హాలంతా తలవంచి తమ బూట్ల వంక చూసుకుంది. వెనుక టీ పోస్తున్న నోలీన్ గారు మనసులో ఆ గదికి తాళం వేసేశారు.

అప్పుడు లాక్లన్ మెక్‌ఫీ గారు లేచారు. గొర్రెల వేలంలో ధర చెప్పడానికి తప్ప నలుగురిలో నోరు విప్పి ఎరగని మనిషి.

“పోయిన చలికాలం మా ఆవిడ బెరిల్ ఆస్పత్రిలో ఉంది. గొంతు పోయింది. గుసగుస తప్ప ఇంకేం రాదు. అంతకుముందు గురువారమే నోలీన్ నా చెవులు కడిగింది. ఆ చివరి రెండ్రోజులు బెరిల్ చెప్పిందంతా విన్నా. ఒక్క మాట కూడా పోలేదు.”

ఆమె ఏం చెప్పారని స్టూవర్ట్ గారు మెల్లగా అడిగారు.

“అది నీకెందుకు నాయనా? నాకు వినపడింది, చాలు. ఇహ ఆ గది మూస్తావో, తెరిచి ఉంచుతావో నీ ఇష్టం.”

ఆయన కూర్చున్నారు. నోలీన్ గారు పోస్తున్న టీ కప్పు దాటి, సాసరు దాటి, బల్ల గుడ్డ మీదికి పారింది. ఆమె అందరి ఎదుటా ఏడ్చారు.

గది నిలిచింది. కానీ తర్ఫీదు పొందిన చెయ్యి ఉన్నంతవరకే నడపాలని కార్యాలయం షరతు పెట్టింది. గెలిచినందుకు ఆమెకు పడిన శిక్ష అది. తర్వాత వచ్చిన నర్సులు పని నేర్చుకుని మంచి జీతానికి ఆస్ట్రేలియా వెళ్లిపోయారు. నోలీన్ గారు పదవీ విరమణను వాయిదా వేశారు, మళ్లీ వేశారు. భర్త గ్రేమ్ గారు దేశం తిరగడానికి కొన్న కారవాన్‌కు ఏటా బూజు దులుపుతూ కాలక్షేపం చేశారు. ఎదురు చూసి చూసి ఇద్దరూ అలసిపోయారన్నది నిజం.

రెండేళ్ల క్రితం బ్లఫ్ రేవు నుంచి చేపల వేటగాళ్ల కుటుంబానికి చెందిన మెరెయానా రూరూ అనే నర్సు వచ్చి చేరింది. ‘మెల్లగా తల్లీ, లోపలున్నది మనిషి’ అనే మాటను ఆమె ఎన్ని గురువారాలు విన్నదో లెక్క లేదు. ఎంత బాగా చేసినా నోలీన్ గారు ఏదో ఒక వంక పెట్టేవారు. ఇంకో చలికాలం ఉండిపోతారేమోనని గ్రేమ్ గారితో పాటు మనమూ బెంగపడ్డాం.

మొన్న గురువారం, రోగులు బయట వేచి ఉండగా, నోలీన్ గారు తానే వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నారు.

“ఇన్నేళ్లలో నా చెవుల్లోకి ఎవరూ చూడలేదు. రా, నీ చెయ్యి ఎలా ఉందో చూద్దాం. బాగా లేకపోతే నేను వెళ్లను.”

మెరెయానా నీటి వేడిని తన మణికట్టు మీద చూసుకుంది. తువ్వాలు పరిచి, పళ్లెం పట్టి, కుడి చెవి శుభ్రం చేసింది. నోలీన్ గారు ఏ వంకా పెట్టలేదు. నొప్పిగా ఉందా అని అడిగితే జవాబు రాలేదు. వంగి చూసేసరికి ఆమె తల పక్కకు వాల్చి, నోరు కొద్దిగా తెరిచి, గాఢంగా నిద్రపోతున్నారు. మెరెయానా దుప్పటి కప్పి, తలుపు దగ్గరగా వేసి, బయటకు వచ్చి సంగతి చెప్పింది. వేచి ఉన్నవారిలో ఒక్కరూ విసుక్కోలేదు, ఒక్కరూ లేచి వెళ్లలేదు.

నోలీన్ గారూ, ఎడమ చెవి మిగిలే ఉంది. దాని కోసం వచ్చే గురువారం మీ పేరు రాసి ఉంచాం. గ్రేమ్ గారితో కలిసి మీరు నిండు ఆయురారోగ్యాలతో, భుజం నొప్పి ఎరగకుండా, నచ్చిన చోటల్లా కారవాన్ ఆపుకుంటూ చిరకాలం హాయిగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాం. ఇకనైనా కంటి నిండా నిద్రపొండి. మేము లేపము.